ఖీమత్ వేరు, ఖదర్ వేరు: ఒక కారు తారీఖ్

పోయిన చలికాలంలో ఒక రాత్రి. ఇషా అయ్యాక తిని, దస్తర్‌ఖాన్ మడుస్తుంటే షికాగో నుంచి మా ఖాలా కొడుకు ఫోన్ చేశాడు. సలాం, దువా అయ్యాయి. ఖాలా మోకాళ్ల నొప్పుల సంగతి అయింది. కాసేపు ఖామోష్‌గా ఉండి అప్పుడడిగాడు: "భాయ్, గాడీ రఖ్‌లూఁ క్యా, బేచ్‌దూఁ?"

ఉంచుకోనా, అమ్మేయనా అని.

గాడీ అంటే బీవీపిల్లలు రోజూ తిరిగేది కాదు. గ్యారేజీలో కవరు కింద ఉండే రెండో కారు. హోండా ఎస్ 2000, 2004 మోడల్, వెండి రంగు. రెండే సీట్లు. పైకప్పు మడిస్తే ఆకాశమే కప్పు. 2009లో మాంద్యం దెబ్బకి అమెరికాలో జనం ఉన్నవి అమ్ముకుంటున్న రోజుల్లో, సెకండ్ హ్యాండ్‌లో 16 వేల డాలర్లకి కొన్నాడు. అప్పటికి పాపకి రెండేళ్లు. "బిడ్డ పుట్టాక రెండు సీట్ల గాడీ కొనేవాణ్ణి నిన్నే చూస్తున్నా" అని ఖాలా ఇక్కణ్ణుంచే తిట్టింది. ఇప్పుడా పాపకి కాలేజీ వయసు. కారుకి 34 వేల డాలర్లు ఇస్తానని ఒకాయన వెంటపడుతున్నాడు. బీవీ అమ్మమంటోంది. దోస్తులు ఇంకో ఐదేళ్లు ఆగితే రెట్టింపవుతుందంటున్నారు.

"నీకేమనిపిస్తోంది?" అన్నాను.

"ఏమో భాయ్. నడపడం మానేసి రెండేళ్లయింది. మైళ్లు ఎక్కితే రేటు పడిపోతుందని."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఇష్టపడి కొన్న గాడీ. దాని రేటు పెరిగిందని దాన్ని ముట్టుకోవడమే మానేశాడు.

ఈ సవాల్‌కి జవాబివ్వడానికి నేను తగినవాణ్ణి కాను. మా అబ్బా హెర్క్యులిస్ సైకిల్ మీద జిందగీ వెళ్లదీశారు. నా దగ్గరున్నది పాత ఆల్టో, దాని ధర ఏటేటా కిందికే. కానీ వాడు నన్నడిగింది కార్లు తెలిసినవాడనుకుని కాదు, తారీఖ్ రాస్తాడు కదా అని. ఉర్దూ మీడియం బడిలో చదివినవాళ్లకి తెలుసు, తారీఖ్ అంటే చరిత్ర, తారీఖ్ అంటే తేదీ కూడా. ఏ తేదీన కొన్నాం, ఏ తేదీన అమ్మాం అన్నదే ఈ కార్ల కథలో సగం చరిత్ర. ఇంకో రెండు మాటలు కూడా అదే బడి నుంచి తెచ్చుకున్నాను. ఖీమత్ అంటే బజార్ కట్టే ధర. ఖదర్ అంటే మన మనసులో దానికున్న విలువ. ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతుందని అనుకుంటాం. నెల రోజులు పాత కాయితాలు తిరగేశాక నాకలా అనిపించలేదు.

*

ముందు ఒక బుడియాది సంగతి. కారు అనేది షోరూమ్ గడప దాటిన రోజు నుంచే ధర పోగొట్టుకునే మాల్. స్పోర్ట్స్ కారు కూడా అంతే. తేడా ఏమంటే, వాటిలో కొన్ని పదిహేను ఇరవై ఏళ్లు పడీ పడీ ఒకచోట ఆగి, మళ్లీ పైకి లేస్తాయి. ఎందుకు లేస్తాయి? పిల్లవాడు పదిహేనేళ్ల వయసులో ఒక కారు బొమ్మని గోడకి అంటించుకుంటాడు. అప్పుడు జేబులో పైసా ఉండదు. నలభై ఐదేళ్లు వచ్చేసరికి పైసలుంటాయి, ఆ కారు మాత్రం తయారు కాదు. అలాంటివాళ్లు వెయ్యిమంది ఒకేసారి వెతుక్కుంటూ వస్తే ఖీమత్ దానంతటదే ఎక్కుతుంది. ఎస్ 2000 కథ కూడా ఇంతే. హోండా కంపెనీ తన యాభై ఏళ్ల యాదిగా 1999లో తెచ్చింది. రెండు లీటర్ల చిన్న ఇంజిన్, టర్బో లేదు, కానీ నిమిషానికి 9 వేల చుట్లు తిరిగేది. 2009లో బంద్ చేశారు. అలాంటిది మళ్లీ చెయ్యలేదు.

ఇప్పుడు అసలు తారీఖ్‌కి వద్దాం. ఇటలీలో ఫెరారీ కంపెనీ 1962 నుంచి 1964 దాకా 250 జీటీఓ అనే రేసు కారు తయారు చేసింది. మొత్తం 36. అమెరికాలో కొత్తదాని ధర 18 వేల డాలర్ల చుట్టూ. రెండు మూడేళ్లలో దానికంటే జోరైన కార్లు వచ్చేశాయి. రేసు కారు గెలవడం మానేస్తే దానికి ఇజ్జత్ ఎక్కడిది? గుర్రం ముసలిదైనట్టే. ఒక జీటీఓని టెక్సస్‌లో ఒక హైస్కూల్‌కి దానంగా ఇచ్చేశారు, పిల్లలు మెకానిక్ పని నేర్చుకోవడానికి. ఆ స్కూల్ నుంచి 1970ల మొదట్లో ఒహాయో మనిషొకాయన ఏడు వేల డాలర్ల లోపే కొన్నాడు. కొని, ట్రెయిలర్ మీద పెట్టి, పొలంలో వదిలేశాడు. ఏళ్ల తరబడి వానకి తడిసి, ఎండకి ఎండింది.

1973లో అరబ్ దేశాలు తేల్ ఆపేశాయి. పెట్రోల్ తాగే పెద్ద ఇంజిన్ల కార్లంటే జనం భయపడ్డారు. వాటి ధరలు ఇంకా పడ్డాయి. దోస్తులారా, ఒక్క నిమిషం ఇక్కడ ఆగండి. అదే తేల్ ధర పెరగడం వల్లే కదా పాతబస్తీ నుంచి, కడప నుంచి మన అబ్బాలు, మామూలు పాస్‌పోర్టులు చేయించుకుని సౌదీ, దుబాయ్ విమానాలెక్కింది. ఒక్క తారీఖే అక్కడ ఫెరారీలని చవక చేసింది, ఇక్కడ మన ఇళ్ల మీద స్లాబులు వేసింది.

అలా చవకైన కాలంలో, 1977లో, పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ సంగీత బృందంలో డ్రమ్స్ వాయించే నిక్ మేసన్ ఒక జీటీఓ కొన్నారు. దాదాపు 37 వేల పౌండ్లు. 1962 లె మాన్స్ రేసులో మూడో స్థానంలో వచ్చిన కారది. అప్పటికి ఆ పైసలతో ఇల్లు వచ్చేది. పాత కారుకి అంత పెట్టడం పాగల్‌పన్ అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. ఆయన దాన్ని అద్దాల గదిలో పెట్టలేదు. రేసు మైదానాల్లో నడిపారు, రోడ్డు మీద నడిపారు. ధర లక్షలు దాటినప్పుడు అమ్మలేదు, పడిపోయినప్పుడూ అమ్మలేదు.

పడిపోవడం అంటే మామూలు పడిపోవడం కాదు. 1988 ఆగస్టు 14న ఎంజో ఫెరారీ తొంభై ఏళ్ల వయసులో చనిపోయారు. ఇక ఆయన చేతి కార్లు రావని బజార్లో గాలి లేచింది. అప్పటికే జపాన్‌లో భూముల ధరలు, షేర్ల ధరలు ఆకాశంలో ఉన్నాయి, అక్కడి పైసలు యూరప్ కార్ల మీదికి మళ్లాయి. కారంటే తెలియనివాళ్లు కూడా అప్పులు తెచ్చి ఫెరారీలు కొన్నారు. పొద్దున కొని సాయంత్రం అమ్మే దలాల్‌లు పుట్టుకొచ్చారు. 1989 నాటికి ఒక జీటీఓ ధర కోటి డాలర్లు దాటింది. ఆ ఏడాది డిసెంబర్ 29న టోక్యో షేర్ మార్కెట్ శిఖరం ఎక్కింది. తర్వాత దిగడం మొదలుపెట్టింది, దాని వెనకే కార్లు. 1990ల నడుమ కోటి డాలర్ల కారుకి ముప్పై ముప్పై ఐదు లక్షలు వస్తే అదే నసీబ్ అనుకునే పరిస్థితి.

కారు అదే. ఇంజిన్ అదే, రంగు అదే. మారింది బజార్ మాట. తబాహ్ అయినవాళ్లెవరు? అప్పు తెచ్చి కొన్నవాళ్లు. ఆగడానికి తాహత్ లేక 1993లోనో 1994లోనో అమ్ముకోవాల్సి వచ్చినవాళ్లు. అప్పు లేనివాళ్లకి ఆ పతనం అఖ్బార్‌లో వార్త మాత్రమే. మేసన్‌కి అదే జరిగింది. 2018 ఆగస్టులో కాలిఫోర్నియా వేలంలో ఒక జీటీఓ 4 కోట్ల 84 లక్షల డాలర్లకి పోయింది. 2023 నవంబర్‌లో న్యూయార్క్‌లో ఇంకోటి 5 కోట్ల 17 లక్షలకి. టెక్సస్ స్కూల్ పిల్లలు స్పానర్లతో విప్పి బిగించిన కారుకి తోబుట్టువులు ఇవి.

ఈ అంకెలు చెప్పగానే మా ఖాలా కొడుకు, "చూశారా భాయ్, ఉంచుకున్నవాడే గెలిచాడు" అన్నాడు. ఇక్కడే మనం మోసపోతాం. జీటీఓలు 36. మా వాడి ఎస్ 2000లు హోండా లక్షా పదివేల దాకా చేసింది. ముప్పై ఆరింటి హిసాబ్ లక్షా పదివేలకి సరిపోదు. పైగా మనకి కనిపించేది గెలిచిన కారే. 1962లో తయారై, తుప్పు పట్టి, తూకానికి పోయిన కార్ల తారీఖ్ ఎవరు రాస్తారు?

*

ఉంచుకోవడం, అమ్మడం రెండూ సరిగ్గా చేసిన ఒక మనిషి ఉన్నాడు. మీ ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు. మిస్టర్ బీన్.

ఆకుపచ్చ బుల్లి మినీ కారు, దానికి తాళం కప్ప, మూడు చక్రాల నీలం కారుని ప్రతిసారీ బోల్తా కొట్టించడం. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేది వాటికే. ఆ వేషం వేసిన రోవన్ అట్కిన్సన్ అసలు జిందగీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివినవాడు. ఆక్స్‌ఫర్డ్‌లో మాస్టర్స్ చేశాడు. లారీలు నడిపే లైసెన్స్ కూడా ఉంది. కార్లంటే శౌక్ కాదు, జునూన్.

ఆయన 1997లో కొన్న కారు మెక్‌లారెన్ ఎఫ్ 1. దక్షిణాఫ్రికా డర్బన్‌లో పుట్టిన గోర్డన్ మరే అనే ఇంజినీర్ దానికి రూపం ఇచ్చాడు. మూడు సీట్లు, నడిపేవాడు సరిగ్గా నడుమ కూర్చుంటాడు, చెరోపక్కా కొంచెం వెనగ్గా ఒక్కొక్కరు. ఒళ్లంతా కార్బన్ ఫైబర్. ఇంజిన్ బీఎండబ్ల్యూ వాళ్లు చేసిచ్చిన ఆరు లీటర్ల పన్నెండు సిలిండర్లది. ఆ ఇంజిన్ వేడి కారుకి తగలకుండా ఇంజిన్ గదికి లోపలంతా బంగారు రేకు పరిచారు. సోకు కోసం కాదు, వేడిని తిప్పికొట్టడంలో బంగారానికి సాటి లేదని. 1998 మార్చి 31న జర్మనీలో గంటకి 386 కిలోమీటర్లు దాటి, ప్రపంచంలో రోడ్డు కార్లన్నిటిలోకీ వేగమైనది అనిపించుకుంది.

ఇంత కారు మొదట్లో సరిగ్గా అమ్ముడుపోలేదు. మూడొందలు అమ్ముదామనుకున్నారు. 1990ల మొదటి మాంద్యంలో, ఫెరారీ గాలిబుడగ పగిలిన తర్వాత, ఐదారు లక్షల పౌండ్లు పెట్టేవాళ్లు ఎక్కడ? రేసు కార్లతో కలిపి 106తో ఆపేశారు. అందులో మామూలు రోడ్డు కార్లు 64. ఆ తక్కువ లెక్కే తర్వాత ధరకి కారణమైంది.

అట్కిన్సన్ దాన్ని ఏం చేశాడు? నడిపాడు. సామాను తేవడానికి, పిల్లల్ని బడి దగ్గర దింపడానికి కూడా నడిపాడు. 1999లో ఒక చిన్న మెట్రో కారుని వెనక నుంచి గుద్దాడు. బాగు చేయించుకుని మళ్లీ నడిపాడు. 2011 ఆగస్టులో కేంబ్రిడ్జ్‌షైర్‌లో రోడ్డు జారి కారు చెట్టుకి కొట్టుకుంది. ముక్కలైంది, మంటలు లేచాయి. ఆయన భుజం దెబ్బతింది. జాన్ బచ్‌గయీ. ఇన్సూరెన్స్ కంపెనీ లెక్క వేసుకుంది. బాగు చేయించడానికి 9 లక్షల 10 వేల పౌండ్లు. కొన్న ధర కంటే ఎక్కువ. అయినా కట్టింది, ఎందుకంటే అప్పటికి కారు ఖీమత్ దానికి కొన్ని రెట్లు. బ్రిటన్‌లో ఒక కారు రిపేరుకి అంత పెద్ద మొత్తం అంతకుముందు ఎవరూ కట్టలేదని అఖ్బార్‌లు రాశాయి. మెక్‌లారెన్ వాళ్లే దాన్ని ఏడాదికి పైగా పట్టి మళ్లీ నిలబెట్టారు. ఆయన మళ్లీ ఎక్కి నడిపాడు.

2015లో అమ్మకానికి పెట్టాడు. అడిగిన ధర 80 లక్షల పౌండ్లు. మన పైసల్లో ఆ రోజు లెక్కకి దాదాపు 80 కోట్లు. అప్పటికి కారు నడిచింది 41 వేల మైళ్లు, రెండుసార్లు గుద్దుకుంది. అయినా అమ్ముడుపోయింది. అమ్మేటప్పుడు ఆయన చెప్పిన మాట సారాంశం ఇదీ: ఇలాంటి కారుని దాచిపెట్టారంటే బాధగా ఉంటుంది, కొన్నవాళ్లు నడపాలి.

ఇంకో మెక్‌లారెన్ ఎఫ్ 1 కథ దీని పక్కన పెట్టి చూడండి. 2021 ఆగస్టులో కాలిఫోర్నియాలో వేలానికి వచ్చింది. 1995 నాటి కారు. మీటర్ మీద 242 మైళ్లు. అంటే 390 కిలోమీటర్లు, 26 ఏళ్లకి. ఏడాదికి 15 కిలోమీటర్లు. చార్మినార్ నుంచి గోల్కొండ ఖిల్లాకి వెళ్లి తిరిగి ఇల్లు చేరకముందే ఆ ఏడాది కోటా ఖతం. అది 2 కోట్ల 4 లక్షల 65 వేల డాలర్లకి పోయింది. దాదాపు 150 కోట్ల రూపాయలు.

హిసాబ్ మాత్రమే చూస్తే దాచినవాడు గెలిచాడు. కాదనను. కానీ అట్కిన్సన్ లెక్క కూడా వెయ్యండి. 18 ఏళ్లలో 41 వేల మైళ్లు. ఏడాదికి మూడున్నర వేల కిలోమీటర్లకి పైనే. పిల్లలు ఆ కార్లో బడికెళ్లారు. చివర్లో కొన్నదానికి పన్నెండు రెట్లకి పైగా ధర. ఖదర్ మొత్తం వసూల్ చేసుకుని, తర్వాత ఖీమత్ తీసుకున్నాడు. రెండోవాడి దగ్గర మిగిలింది ఖీమత్ ఒక్కటే. ఆ బంగారు రేకు వెనకున్న ఇంజిన్ పాట వాడు విన్నది ఎన్ని గంటలు?

బ్రిటన్ చట్టంలో ఒక విచిత్రం కూడా ఉంది. అక్కడ రెండో ఇల్లో షేరో లాభానికి అమ్మితే పన్ను కట్టాలి. కారు అమ్మితే ఆ పన్ను లేదు. ఎందుకంటే కారు అరిగిపోయే వస్తువు అని చట్టం నమ్మకం. 80 లక్షల పౌండ్ల కారయినా సరే. నాకు ఆ చట్టం తెలివితక్కువదిగా అనిపించలేదు. ఏ కారైనా చివరికి అరిగిపోవడానికే కదా పుట్టింది.

*

ఉంచుకోవడం అంటే ఊరికే ఉంచుకోవడం కాదని కూడా మా వాడికి చెప్పాల్సి వచ్చింది. నిలబెట్టిన కారు నిలబడే పాడవుతుంది. నెలల తరబడి ఒకేచోట ఉంటే టైరు ఒకవైపు నొక్కుకుపోతుంది. పైకి గీతలు కొత్తగా కనిపించినా లోపల రబ్బరు గట్టిపడుతుంది. బ్రేక్ నూనె గాల్లో తేమని పీలుస్తుంది. ట్యాంకులో పెట్రోల్ పాతబడుతుంది. బ్యాటరీ దిగిపోతుంది. షికాగోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కింద ఇనుముని తింటుంది కాబట్టి చలికాలంలో తీయడం కుదరదు. ఇన్సూరెన్స్ ఏటా కట్టాలి. ఇవన్నీ రాసుకుంటే "రెట్టింపవుతుంది" అన్న మాటలో చాలా భాగం కరిగిపోతుంది. మెక్‌లారెన్ ఎఫ్ 1లని చూసుకోవడానికైతే ఆ కంపెనీ 1990ల నాటి కాంపాక్ ల్యాప్‌టాప్‌లని చాలా ఏళ్లు దాచుకోవాల్సి వచ్చింది. ఆ కారు కంప్యూటర్‌తో మాట్లాడే భాష వాటికే తెలుసు మరి. పాత వస్తువుని ఉంచుకోవడమంటే దానితో పాటు ఇంకో పది పాత వస్తువుల్ని కూడా పోషించడం.

హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లినవాళ్లు అక్కడి పసుపు రంగు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. 1912 నాటిది. దాన్ని ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా. కారు వచ్చేసరికి ఆయన లేరు, 1911లోనే వెళ్లిపోయారు. నేను పిల్లల్ని తీసుకెళ్లినప్పుడల్లా వాళ్లు దాని ముందు ఫోటో దిగుతారు. నేను మాత్రం దాని వెనక సీటు వైపు చూస్తాను. ఎవరి కోసం చేశారో ఆయన ఒక్కసారి కూడా కూర్చోని సీటు.

*

ఇక అమ్మడం గురించి. అమ్మితే ఖదర్ తెలియనివాడని ముద్ర వేస్తారు జనం. అదీ నిజం కాదు.

1955లో మెర్సిడెస్ కంపెనీ 300 ఎస్ఎల్ఆర్ అనే రేసు కారుకి పైకప్పు పెట్టి రెండు కార్లు చేసింది. చేయించిన ఇంజినీర్ పేరు మీద ఊలెన్‌హౌట్ కూపే అంటారు. ఆ ఏడాది జూన్ 11న లె మాన్స్ రేసులో మెర్సిడెస్ కారొకటి జనం మీదికి ఎగిరిపడి 80 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది చివర్లో కంపెనీ రేసులు మానేసింది. ఆ రెండు కూపేలు రేసు చూడనే లేదు. ఊలెన్‌హౌట్ ఒకదాన్ని తన ఆఫీసు కారుగా నడుపుకున్నాడు. తర్వాత రెండూ కంపెనీ దగ్గరే ఉన్నాయి, ఎప్పటికీ అమ్మరని లోకం అనుకుంది. 2022 మే 5న స్టుట్‌గార్ట్ మ్యూజియంలో ఒకటి అమ్మారు. 13 కోట్ల 50 లక్షల యూరోలు, దాదాపు 1,100 కోట్ల రూపాయలు. లోకంలో ఏ కారుకీ అంతకుముందు అంత ధర రాలేదు. ఆ పైసలతో పిల్లల చదువులకి స్కాలర్‌షిప్ నిధి పెట్టారు. రెండో కారు మ్యూజియంలోనే ఉంది. రెండుంటే ఒకటి ఉంచుకుని ఒకటి అమ్మడం వాళ్లకి కుదిరింది. మనలాంటివాళ్లకి ఒకటే ఉంటుంది.

ఒకటే ఉన్న మనిషి కథ మా ఇంట్లోనే ఉంది. నంద్యాలలో మా మామూ దగ్గర రాజ్‌దూత్ 350 ఉండేది. యమహా సాయంతో ఎస్కార్ట్స్ వాళ్లు 1983 నుంచి కొన్నేళ్లు చేసిన బండి. రెండు సిలిండర్లు, వీధి మొదట్లో వస్తుంటే వీధి చివర తెలిసేది. పెట్రోల్ తాగుతుందని, విడిభాగాలు ఖరీదని జనం భయపడేవాళ్లు. మామూ వారానికొకసారి కిరోసిన్‌తో ఇంజిన్ కడిగి, పాత లుంగీతో తుడిచి, అప్పుడే స్నానానికి వెళ్లేవాడు. 1992లో నానీకి ఆపరేషన్ పడింది. బండిని కొన్న ధరలో సగానికి అమ్మేశాడు.

ఇప్పుడు అలాంటి బండి బాగా ఉంటే లక్షల్లో పలుకుతోంది. ప్రతి పెళ్లిలో ఎవరో ఒకరు అంటారు: "మామూ, ఉంచుకుని ఉంటే ఈ రోజు..." ఆయన పాన్ నములుతూ ఒకటే అంటాడు: "ఉంచుకుని ఉంటే బండి ఉండేది బేటా, మా అమ్మీ ఉండేది కాదు." నానీ ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. నా నిఖాకి వచ్చింది. ఆ పదకొండేళ్లకి ఏ వేలంవాడు ధర కడతాడు? మామూకి ఆ బండి ఖదర్ తెలుసు, మా అందరికంటే ఎక్కువ తెలుసు. కాబట్టే దాన్ని దేనికి మార్చుకోవాలో కూడా తెలిసింది.

*

రెండు వారాల తర్వాత మా ఖాలా కొడుక్కి నేనే ఫోన్ చేశాను. ఫైసలా చెప్పలేదు, అది నా హక్కు కాదు. నాలుగు సంగతులు మాత్రం అడిగాను.

మొదటిది, దాని మీద అప్పు ఉందా? లేదన్నాడు. అల్‌హమ్దులిల్లా, అయితే బజార్ నిన్ను తొందరపెట్టలేదు. రెండోది, రేపు దాని ధర సగానికి పడితే నీకు నిద్ర పడుతుందా? కొంచెం ఆలోచించి, పడుతుందన్నాడు. మూడోది, ఆ పైసలు వస్తే ఎక్కడికి వెళ్తాయి? "పాప మొదటి ఏడాది ఫీజు. అప్పు తీసుకోకుండా గట్టెక్కుతుంది" అన్నాడు వెంటనే. ఆలోచించుకునే అవసరమే రాలేదు వాడికి.

నాలుగోది, "ఆఖరిసారి పైకప్పు తీసి ఎప్పుడు నడిపావు?"

అటువైపు మాట లేదు. "యాద్ లేదు భాయ్" అన్నాడు చివరికి.

"అయితే అది నీ దగ్గర ఇప్పటికే లేదు. అమ్మేసి రెండేళ్లయింది, పైసలే ఇంకా చేతికి రాలేదు" అన్నాను. కొంచెం కరకుగానే అన్నాను. పెద్దవాణ్ణి కాబట్టి ఓర్చుకున్నాడు.

ఏప్రిల్ చివర్లో ఒక వీడియో పంపాడు. డెవాన్ అవెన్యూ దగ్గర ఎక్కడో ఖాళీ పార్కింగ్ స్థలం. వెండి రంగు కారు, పైకప్పు తీసి ఉంది. డ్రైవర్ సీట్లో పాప, పక్కన వీడు. అక్కడి పిల్లలకి చేత్తో గేర్లు మార్చడం రాదు, వాళ్ల కార్లన్నీ ఆటోమేటిక్. పాప క్లచ్ వదిలింది, కారు ఎగిరిపడి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసింది, మళ్లీ ఆగింది. మూడోసారి కదిలింది. ఇద్దరూ అరిచారు. ఫోన్ పట్టుకున్నది బీవీ అనుకుంటా, ఆమె నవ్వు కూడా వినిపించింది.

కింద రాశాడు: "బ్యాటరీ కొత్తది వేశా. టైర్లు కూడా. ఆగస్టు దాకా నడుపుతాం, ఆ తర్వాత అమ్మేస్తా. ఆయనకి చెప్పేశా, రెండు మూడు వేల మైళ్లు ఎక్కుతాయి, రేటు తగ్గించుకుంటా అని."

ఎంత తగ్గించాడో నేను అడగలేదు.